సబ్బు తాగిన గాలిరాయి

నేను ఒక గాలిరాయిని. పేరులో రాయి ఉంది కదా అని నాకు బొట్టు పెట్టనక్కర్లేదు. బొటనవేలంత పొడవు, బూడిద రంగు, ఒక చివర ప్లాస్టిక్ ముక్కు, ఒళ్లంతా కంటికి ఆనని కన్నాలు. ఆ ముక్కుకి సన్నటి ట్యూబు తగిలించి గాలి పంపితే నీళ్లడుగున కూచుని బుడగలు వదులుతాను. అంతే నా ఉద్యోగం. ఇందులో గొప్పేమీ లేదు. గొప్పంతా బుడగల్ని చూపించి తమవని చెప్పుకునేవాళ్లదే. అలాంటివాళ్లని చాలామందిని చూశాను.

నన్ను ఒక రేకుల షెడ్డులో చేశారు. ఇసకని సన్నగా జల్లించి, జిగురు కలిపి, అచ్చులో కుక్కి, పొయ్యిలో కాల్చారు. ఇసక రేణువులు ఒకదాన్నొకటి పూర్తిగా అంటుకోకూడదు, పూర్తిగా వదిలెయ్యనూ కూడదు. ఆ మధ్య మిగిలిన సందుల్లోంచే గాలి పోవాలి. అంటుకుపోతే నేను ఉత్త రాయిని, వదిలేస్తే ఉత్త ఇసకని. ఈ సంగతి నన్ను చేసిన మనిషికి బాగా తెలుసు. ఆయన పేరు మాత్రం నాకు తెలీదు, ఎక్కడా రాయలేదు. అట్టపెట్టె మీద అమ్మేవాడి పేరు రాశారు, పక్కన నవ్వుతున్న చేప బొమ్మ వేశారు. ఇన్నేళ్లు నీళ్లలో ఉన్నాను గానీ చేప నవ్వడం నేను చూడలేదు. దానికి నవ్వొచ్చే పని మనుషులెవరూ చెయ్యలేదు.

నా పని గురించి నాలుగు ముక్కలు చెప్తాను. అది తెలియకపోతే తరవాత జరిగింది మీకు అందదు. పెద్ద చదువులు చదివినాయనకే అందలేదు.

నీటికి ఒక చర్మం ఉంటుంది. గ్లాసు నిండా నీళ్లు పోశాక ఇంకో నాలుగు చుక్కలు వేసినా పొర్లకుండా అంచు మీద ఉబ్బి నిలబడతాయే, అది ఆ చర్మం పట్టే. బడిలో దాన్ని తలతన్యత అంటారట. ఆ మాట కాగితం మీద రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కోకొల్లలు. దాన్ని వేలితో తాకి చూసినవాళ్లు ఎందరో నాకు అనుమానమే. నా కన్నం దగ్గరికి గాలి వచ్చేసరికి ఈ చర్మం దాన్ని పట్టుకుంటుంది. గాలి పైకి పోతానంటుంది, చర్మం పోనివ్వనంటుంది. ఈ పెనుగులాటలో బుడగ ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ పైకి లాక్కుంటుంది, చివరికి చర్మం పట్టు తప్పి బుడగ ఊడిపోతుంది. చర్మం గట్టిదైతే బుడగ బాగా పెరిగాక గానీ ఊడదు. చర్మం బలహీనపడితే ఆవగింజంత ఉండగానే ఊడుతుంది.

పెద్ద బుడగ తోసుకుంటూ గబగబా పైకి పోయి పగిలిపోతుంది, నీళ్లకి ఇచ్చేది తక్కువ. చిన్న బుడగ మెల్లగా ఎక్కుతుంది, దారి పొడుగునా నీళ్లకి గాలి పంచుకుంటూ పోతుంది. కాబట్టి మామూలుగా అయితే చిన్న బుడగే మేలు. ఆ ‘మామూలుగా అయితే’ అన్న ముక్కని ఒక పెద్దమనిషి మింగేశాడు. మిగతా కథంతా దానివల్లే.

మొదట నన్ను కొన్నది కాకినాడలో బతికున్న చేపలు అమ్మే ఒక దుకాణదారు. ఆయన తొట్టిలో ఉండేవి కొరమేనులు. కొరమేను తల బయటపెట్టి గాలి తనే మింగుతుంది, దానికి నా అవసరం లేదు. దుకాణదారుకి ఈ సంగతి తెలుసు. అయినా నన్ను తొట్టిలో దింపి రోజంతా బుడగలు వదిలించేవాడు. కొనడానికి వచ్చినవాళ్లు చేపని చూసేవారు కాదు, బుడగల్ని చూసేవారు. ‘మెషిను పెట్టి పెంచుతున్నాడు’ అనుకుంటూ అడిగినంతా ఇచ్చి పోయేవారు. అక్కర్లేని చోట నాకు దక్కినంత మర్యాద అక్కరున్న చోట ఎప్పుడూ దక్కలేదు. కొన్నాళ్లకి ఆ కొట్టు మూతపడింది. దుకాణదారు బావమరిది ఉప్పాడ అవతల సముద్రపు ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో వ్యాను నడిపేవాడు. నన్నూ, పెట్టెలో మిగిలిన నా తోటివాళ్లనీ పట్టుకెళ్లి అక్కడ పడేశాడు.

అక్కడ నేను మొదటిసారి పనికొచ్చాను. హేచరీ అంటే రొయ్యగుడ్లు పొదిగించి, పిల్లని పెంచి, చెరువుల రైతులకి అమ్మే చోటు. పెద్ద పెద్ద ట్యాంకులు, వాటి నిండా సముద్రపు నీళ్లు, ఆ నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటి పిల్ల లక్షల కొద్దీ. కొరమేనులాగా అది తల బయటపెట్టి గాలి మింగలేదు. నీళ్లలో కలిసిన గాలే దాని ప్రాణం, ఆ గాలి నాలాంటి రాళ్లలోంచి రావాలి. ఉప్పునీళ్లలో ఒక సుఖం ఉంది. మంచినీళ్లలో రెండు బుడగలు తగులుకుంటే కలిసి ఒకటైపోయి పెద్ద బుడగవుతాయి. సముద్రపు నీళ్లలో ఎవరి దారి వాళ్లదే, కలవవు. అందుకని అక్కడ నా బుడగలు బొంబాయి రవ్వలా సన్నగా లేచేవి.

హేచరీ పెన్మెత్స విజయరామరాజు గారిది. ఆయన మంచివారే. తన మాట తప్పని ఎవరూ అననంతవరకూ చాలా మంచివారు. ట్యాంకుల పనంతా చేసేది మేరుగు నూకరత్నం. ఆ ఒడ్డునే పల్లెకారుల పేటలో ఇల్లు, మొగుడు చేపల వేటకెళ్తాడు, తను ఇరవై ఏళ్లుగా ఈ హేచరీలో. ట్యాంకులు కడగడం, నీళ్లు మార్చడం, మేత చల్లడం, నాలాంటి రాళ్లని శుభ్రం చెయ్యడం ఆమె పని. కొత్త పిల్లని ట్యాంకులో వదిలేటప్పుడు మొదటి మగ్గు ఆమే పొయ్యాలి. అది ఆ ఒడ్డున అన్ని హేచరీల్లోనూ ఉన్న ఆచారం. ఎవరి చెయ్యి మంచిదని పేరు పడితే వాళ్ల చేత మొదటి మగ్గు పోయిస్తారు. రైతులు పిల్ల కొనడానికి వచ్చినప్పుడు ‘ఇది ఎవరి చేతి పిల్ల’ అని అడుగుతారు. నూకరత్నం చేతిది అంటే ఇంకో మాట అడగరు. ఆ పేరు తప్ప ఆమెకి ఇంకో ఆస్తి లేదు. ఆ పేరు పోతే ఈ ఒడ్డున ఒక్క హేచరీవాడూ ఆమెని ట్యాంకు మీద చెయ్యి వెయ్యనివ్వడు. ఇలాంటి కబురు వ్యాన్ల కంటే ముందు ఊళ్లు తిరుగుతుంది.

మంచి చెయ్యి అని వాళ్లంతా దేవుడి మీదికి నెట్టేస్తారు గానీ, అందులో దేవుడి పని తక్కువ. ఆమె నన్ను ఎలా కడిగేదో నాకు తెలుసు. పలుచని ఆసిడ్‌లో ఒక పూట, మంచినీళ్లలో ఒక పూట, ఆ తరవాత రెండు రోజుల ఎండ. ఆరాక చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసేది. చప్పుడు బోలుగా వస్తే లోపల తడి లేనట్టు. ట్యాంకులో రాళ్ల కన్నాలు పూడుకుపోతే ఒకేసారి అన్నీ మార్చేది కాదు, రోజుకి రెండో మూడో మార్చేది. సబ్బుని ట్యాంకుల గదిలోకి రానిచ్చేదే కాదు. తను ఇంటిదగ్గర బట్టలుతికి వచ్చినా ముందు మోచేతుల దాకా ఇసకతో తోముకుని, తరవాత గానీ నీళ్లలో చెయ్యి పెట్టేది కాదు. ఎందుకని అడిగితే ఆమె చెప్పలేదు. సబ్బు పిల్లకి పడదు, అంతే. నిజానికి నేను చెప్పగలను గానీ నన్ను అడిగేవాళ్లు లేరు.

ఆ ఏడాది రాజుగారు భార్గవ్ అనే టెక్నీషియన్‌ని పెట్టుకున్నారు. ఎమ్మెస్సీ. ఆయన పట్టా నకలుకి ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించారు. పక్క హేచరీల వాళ్లు వచ్చినప్పుడు రాజుగారు వాళ్లని ఆ గోడకి ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూచోబెట్టేవారు. నూకరత్నానికి గోడకి తగిలించే కాగితం ఏదీ లేదు. భార్గవ్ చెడ్డవాడని నేను అనను. తెలియనిది అడగడం ఆయనకి ఎవరూ నేర్పలేదు, అంతే. అదొక్కటే ఏ క్లాసులోనూ పాఠంగా పెట్టలేదు.

నాలుగో ట్యాంకులో పిల్ల అమ్మకానికి సిద్ధమైంది. కోనసీమ నుంచి గుత్తుల బుల్లియ్య గారనే పాత రైతు మర్నాడు చూడ్డానికి వస్తానన్నాడు. సరిగ్గా ఆయన వచ్చే ముందు రోజే నూకరత్నం జాతరకి సెలవు పెట్టి వెళ్లింది. వెళ్తూ భార్గవ్‌కి ఒక మాట చెప్పి వెళ్లింది. నాలుగో ట్యాంకులో రాళ్లు పూడుకుంటున్నాయనీ, తను వచ్చి మారుస్తాననీ, ఈలోగా ఎవరూ చెయ్యి పెట్టొద్దనీ.

చెయ్యి పెట్టొద్దు అని చదువుకున్నవాడికి చెప్పకూడదు. భార్గవ్ ట్యాంకులోకి తొంగి చూశాడు. బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి వస్తున్నాయి. పెద్ద రైతు వస్తుంటే ఇదేం బాగుంటుందని అనుకున్నాడు. వాడిన రాళ్లు వేసే డ్రమ్ములో నేనూ నా వాళ్లూ ఓ నలభై మందిమి పడి ఉన్నాం. ఆసిడ్డూ, మంచినీళ్లూ, రెండు రోజుల ఎండా అంటే ఆయనకి అంత వ్యవధి లేదు. వంటగదిలోంచి గిన్నెలు తోమే సబ్బునీళ్ల సీసా తెచ్చి బకెట్లో వంచాడు, మమ్మల్నందర్నీ అందులో ముంచాడు. మధ్యాహ్నమంతా నానబెట్టి, పైపైన రెండుసార్లు జాడించాడు. పైకి మేం పెళ్లికొడుకుల్లా మెరిశాం. లోపలి సంగతి ఆయనకి పట్టలేదు. ఒళ్లంతా కన్నాలున్నవాణ్ణి నానబెడితే కన్నాలన్నీ తాగుతాయి. నేను సబ్బు తాగాను, కడుపునిండా. సాయంత్రం మమ్మల్ని నాలుగో ట్యాంకులో దింపాడు.

గాలి వదలగానే నాకే ఆశ్చర్యమేసింది. సబ్బు చుక్కలు నా కన్నాల అంచుల్లోంచి నీళ్లలోకి దిగుతున్నాయి. సబ్బు నీటి చర్మాన్ని మెత్తబరుస్తుంది, పట్టు ఊడగొడుతుంది. దాంతో నా బుడగలు పెరగకుండానే ఊడిపోయాయి. రవ్వ కాదు, మైదాపిండి. నీళ్లు పాలలా తెల్లగా అయిపోయాయి. భార్గవ్ మురిసిపోయి ఫోనులో వీడియో తీసుకున్నాడు. రాజుగారిని పిలిచి చూపించాడు. సన్నటి బుడగ ఎక్కువసేపు నీళ్లలో ఉంటుంది కాబట్టి ఎక్కువ గాలి దిగుతుందని పాఠం చెప్పాడు. అందులో తప్పు లేదు. చూడ్డానికి అంత బాగుంటే రాజుగారు మాత్రం ఏమంటారు. భుజం తట్టారు. ఆ వీడియో రాత్రి భోజనాల వేళకి పక్క హేచరీలకి చేరిపోయింది.

ఇప్పుడు ‘మామూలుగా అయితే’ దగ్గరికి వద్దాం. శుభ్రమైన నీళ్లలో బుడగ పైకి పోతుంటే దాని ఒంటి మీది పొర ఎప్పటికప్పుడు జారుతూ కొత్తగా మారుతూ ఉంటుంది. దానివల్లే బుడగలోని గాలి నీళ్లలోకి తేలిగ్గా దిగుతుంది. సబ్బు ఉన్న నీళ్లలో అలా కాదు. సబ్బంతా వచ్చి బుడగ చుట్టూ చేరుతుంది, పైకి పోయేకొద్దీ వెనక్కి జారి బుడగ అడుగున పేరుకుంటుంది. ఆ పొర ఇక జారదు, బిగుసుకుపోతుంది. బుడగ ఒక గట్టి గోళీలా మెల్లగా, మరీ మెల్లగా ఎక్కుతుంది. గాలి ఉంటుంది, నీళ్లలోకి దిగదు. పక్కనే ఉన్న పిల్లకి అందదు. తలుపులు బిగించిన ఇంట్లో విందు జరుగుతున్నట్టు. దానికి తోడు అదే సబ్బు పిల్ల మొప్పలకీ పడుతుంది. బయటనుంచి చూసేవాడికి మాత్రం కన్నులపండగ. ట్యాంకు అడుగున కూచుని చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు నోరు ఒకటి కాదు, వెయ్యి ఉన్నాయి. వెయ్యింటిలోంచీ బుడగలే వస్తాయి గానీ మాట రాదు.

తెల్లారి నూకరత్నం వచ్చింది. వచ్చీ రాగానే నాలుగో ట్యాంకు దగ్గర ఆగిపోయింది. నీళ్ల మీద నాలుగు వేళ్ల మందాన తెల్లటి నురగ. దాన్ని అరచేతిలోకి తీసుకుని నోటితో ఊదింది. మేత ఎక్కువైనప్పుడు వచ్చే నురగ గోధుమరంగులో ఉంటుంది, ఊదితే విడిపోతుంది. ఇది విడిపోలేదు. రెండు వేళ్ల మధ్య రుద్ది చూసుకుంది.

“ఇందులో సబ్బెవరేసారండి బాబూ?” అంది.

భార్గవ్ అది మేత నురగే అన్నాడు. ట్యాంకులో గాలి బాగా ఆడుతోందనీ, ఇది కొత్త పద్ధతనీ, ఆమెకి తెలియదనీ అన్నాడు. తనకి పద్ధతులు తెలియవనీ, సబ్బు జారుడు తెలుసుననీ ఆమె అంది. పిల్ల అడుక్కి దిగిపోతోంది, సగం నీళ్లు వదిలేసి కొత్త నీళ్లు పెట్టనివ్వమని అడిగింది. రైతు వచ్చే వేళకి ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాజుగారు ఊరుకోరని ఆయన ఒప్పుకోలేదు. నురగ కనపడకుండా చెయ్యడం మాత్రం ఆయనకి వచ్చు. కొబ్బరినూనె సీసా తెచ్చి ట్యాంకు మీద నాలుగు చోట్ల చుక్కలు వేశాడు. నురగ ఎక్కడికక్కడ చచ్చిపోయింది. నీళ్ల పైభాగం అద్దంలా తేరింది. కింద జరిగేది జరుగుతూనే ఉంది. మనుషులు తమ ఇళ్లలో కూడా ఇదే పని చేస్తారని నేను విన్నాను, నూనె మాత్రం వేరేది వాడతారట.

పది గంటలకి బుల్లియ్య గారు వచ్చాడు. పొట్టి మనిషి, పంచె పైకి కట్టి, చేతిలో తన ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్ల బేసిను. ఆ ఒడ్డున పిల్లని చూసే పద్ధతి అదే. ట్యాంకులోంచి కొంచెం పిల్లని బేసినులో ముంచి, చేత్తో నీళ్లని గుండ్రంగా తిప్పి వదిలేస్తారు. బలమున్న పిల్ల నీటి వాలుకి ఎదురు తిరిగి ఈదుతుంది. బలం లేనిది మధ్యలోకి కొట్టుకుపోయి పోగుపడుతుంది. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు, పట్టా అక్కర్లేదు. ఆయన తిప్పాడు. అందరూ వంగి చూశారు. సగానికి సగం బేసిను మధ్యలో తేయాకు పిప్పిలా పోగయింది.

“పిల్లకి ఎదురీత లేదండి రాజుగారూ,” అన్నాడు బుల్లియ్య గారు. నీళ్లలో వేలు ముంచి, వేళ్లు రుద్దుకుని, వాసన చూశాడు. “ఈ ట్యాంకు కడిగిందెవరండి?”

రాజుగారు భార్గవ్ వైపు చూశారు.

“ట్యాంకులు కడిగేది నూకరత్నమే కదండీ,” అన్నాడు భార్గవ్.

గమనించారా, ఆ మాటలో ఒక్క అబద్ధం కూడా లేదు. రోజూ కడిగేది ఆమే. నిన్న మమ్మల్ని ముంచింది ఆమె కాదు. ఇంత శుభ్రమైన అబద్ధం చెప్పాలంటే మాత్రం చదువు ఉండాలి. నూకరత్నం ఏదో అనబోయింది, తను నిన్న ఊళ్లోనే లేనని. రాజుగారు చెయ్యెత్తి ఆపేశారు, రైతు ముందు ఇంటి గొడవలొద్దని. బుల్లియ్య గారు ఆమె ముఖంలోకి ఓసారి చూసి, బేసిను బోర్లించి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

ఆయన గేటు దాటాడో లేదో నూకరత్నం ఎవర్నీ అడక్కుండా పనిలోకి దిగింది. తూము తీసి నీళ్లు వదిలేసింది. మా అందర్నీ పట్టుకుని బయటికి లాగేసింది, ఒడ్డున సిమెంటు మీద కుప్ప పోసింది. తను ముందే కడిగి ఎండబెట్టి వేరేగా దాచిన పాత రాళ్లని దింపి, సాయంత్రం దాకా కొత్త నీళ్లు పారించింది. పిల్లలో సగం బతికింది. ఆ సగమూ ఎవరి వల్ల బతికిందో ఎవరూ పైకి అనలేదు. పోయిన సగం ఎవరి వల్ల పోయిందో మాత్రం ఆ సాయంత్రానికే ఒడ్డంతా అనుకోవడం మొదలుపెట్టింది. నూకరత్నం ట్యాంకులో సబ్బు పోసిందట.

మర్నాడు రాజుగారు ఇద్దర్నీ ఆఫీసులోకి పిలిచారు. సిమెంటు మీది కుప్పలోంచి నన్ను తెప్పించి బల్ల మీద పెట్టారు, కాబట్టి అక్కడ నేనూ ఉన్నాను. రాత్రంతా ఆలోచించినట్టున్నారు. మమ్మల్ని ట్యాంకులో దింపిన రోజు నూకరత్నం ఊళ్లో లేదని ఆయనకి గుర్తొచ్చింది, సెలవు ఇచ్చింది ఆయనే. అలాగని తప్పు భార్గవ్‌దంటే గోడ మీది ఫ్రేము ఏం కావాలి, వీడియో చూసిన పక్క హేచరీలవాళ్లు ఏమనాలి. మనుషుల మీద పెట్టడానికి వీల్లేని తప్పుని ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్లకి బాగా తెలుసు. నా వైపు చూపించారు. కొరమేనుల కొట్టు నుంచి వచ్చిన పాత రాళ్లనీ, నాసిరకమనీ, వీటి జిగురు కరిగి నురగ వచ్చిందనీ అన్నారు. భార్గవ్ వెంటనే ఔనన్నాడు. జిగురుల గురించి నాలుగు ఇంగ్లీషు మాటలు కూడా చెప్పాడు. నన్ను చేసిన మనిషి విని ఉంటే పొయ్యి ఆర్పేసి ఇంటికి పోయేవాడు.

ఇక మిగిలింది ఒక్కటే. బుల్లియ్య గారికి ఆ మాట ఎవరు చెప్తే నమ్ముతాడో ఆమే చెప్పాలి. రాజుగారు ఫోను తీసి నూకరత్నం ముందు పెట్టారు. రాళ్లు మంచివి కాదు అని ఒక్క ముక్క అంటే చాలు, ఆమె మీద మాట రాదు, అందరి ఉద్యోగాలూ ఉంటాయి. బేరం బాగుంది. నా సంగతి అడిగితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. నాకు పోయే పరువేముంది.

నూకరత్నం ఫోను ముట్టుకోలేదు. నన్ను చేతిలోకి తీసుకుని చూసింది.

“ఈ రాళ్లని ఇన్నాళ్లబట్టీ నా సేత్తోనే కడుగుతున్నానండి. రాయి తప్పేం లేదండి రాజుగారూ. అబద్దం నాకాడ సెప్పించకండి.”

“మరి తప్పెవరిదంటావు?”

“ఏసినోళ్లకి తెలుసండి.”

భార్గవ్ ఫోను చూసుకుంటున్నాడు. అందులో ఏమీ లేదని ఆ చూపులోనే తెలుస్తోంది. రాజుగారికి కోపం వచ్చింది. అబద్ధం చెప్పమన్నందుకు తన మీద రావాల్సిన కోపం ఒప్పుకోనిదాని మీదికి వచ్చింది. ఆ కోపం దారి తప్పిందనుకోకండి, దాని మామూలు దారే అది.

“అయితే నాల్రోజులు ఇంటి దగ్గర ఉండు,” అన్నారు.

ఆ ఒడ్డున ఆ నాల్రోజులకి అంతు ఉండదని అందరికీ తెలుసు. ఆమె నన్ను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. మమ్మల్నందర్నీ గంపలో పోసి జనరేటరు షెడ్డు వెనక పారేశారు, విరిగిన పైపులూ చిరిగిన వలలూ ఉన్న చోట. నా జన్మ అక్కడితో సరి అనుకున్నాను. తప్పంతా మోసినవాడికి సాధారణంగా అలాంటి చోటే దొరుకుతుంది.

మూడోనాడు పొద్దున బుల్లియ్య గారి వ్యాను మళ్లీ గేటు ముందు ఆగింది. ఆరో ట్యాంకు పిల్ల కోసం వచ్చాడు. షెడ్డు గేటు పక్కనే కాబట్టి నాకు అంతా వినపడింది. రాజుగారు స్వయంగా ఎదురెళ్లి టీ తాగమన్నారు. ఆరో ట్యాంకు బాగుందనీ, భార్గవ్ గారే దగ్గరుండి చూశారనీ చెప్పారు. ఆయన టీ తాగలేదు. అటూ ఇటూ చూసి, నూకరత్నం కనపడదేమని అడిగాడు. ఒంట్లో బాగాలేదని రాజుగారు అన్నారు. అలాగా, ఇప్పుడే పేటలో చేపలు ఎండేస్తుంటే చూసి వచ్చానే అన్నాడాయన. గొంతులో ఎగతాళి లేదు, వినయంగానే అన్నాడు. అది ఇంకా ఘోరం.

“ఆవిడొచ్చాక కబురెట్టండి రాజుగారూ, అప్పుడొస్తాను,” అని వ్యాను వెనక్కి తిప్పించాడు.

మధ్యాహ్నానికి ఇంకో రైతు ఫోను చేసి అదే అడిగాడట. రాజుగారు సాయంత్రం దాకా ఆఫీసులో ఆ ఫ్రేముకి ఎదురుగానే కూచున్నారని పనివాళ్లు చెప్పుకున్నారు. తరవాత నూకరత్నాన్ని పిలుచుకు రమ్మని భార్గవ్‌నే పంపారు.

ఆమె మర్నాడు ఉదయం వచ్చింది. ట్యాంకుల వైపు వెళ్లలేదు. నేరుగా షెడ్డు వెనక్కి వచ్చి మా కుప్ప పక్కన నిలబడింది. తనకి జీతం పెంచమనలేదు, క్షమాపణ అడగలేదు. ఈ రాళ్లు ఎందుకు పారేశారో టెక్నీషియన్ గారు పనివాళ్లందరి ముందూ చెప్పాలి, అప్పుడే ట్యాంకులో చెయ్యి పెడతానంది. రాజుగారు అందర్నీ పిలిచారు. ఓ పదిమంది వచ్చి నిలబడ్డారు.

భార్గవ్ మొదలుపెట్టాడు. తలతన్యత గురించి చెప్పాడు. బుడగ మీద పనిచేసే బలాల గురించి చెప్పాడు. రాయిలో ఉన్న జిగురు వల్ల ఆ తలతన్యత తగ్గి బుడగలు చిన్నవై నురగ లేచిందన్నాడు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా చెప్పాడు. జిగురు అన్న చోట ఇంకో మాట పెడితే చాలు, అక్షరం తప్పు లేదు. పనివాళ్లు అర్థమైనట్టు తలలూపారు, అర్థం కానప్పుడు ఊపినట్టే.

ఆయన ముగించాక నూకరత్నం వంగి, కుప్పలోంచి నన్ను తీసింది. జేనెడు ట్యూబు ముక్క నా ముక్కుకి తగిలించింది. మగ్గు నిండా అప్పుడే పట్టుకొచ్చిన సముద్రపు నీళ్లు ముంచి నన్ను అందులో వేసింది. ట్యూబు రెండో చివర ఆయన చేతికి ఇచ్చింది.

“ఓపాలి ఊదండి బాబూ.”

ఇష్టం లేకపోయినా ఊదాడు. రాజుగారు చూస్తున్నారు మరి. నా కన్నాల్లో ఎండి గట్టిపడ్డ సబ్బు తడికి మళ్లీ లేచింది. బుడగలు పిండిలా వచ్చాయి, నీళ్లు తెల్లబడ్డాయి, మగ్గు అంచు మీదుగా నురగ పొంగి ఆమె చేతి మీదికి కారింది. ఇంకొంచెం ఊదమంది. ఊది ఊది ఆయనకి ఊపిరి అందలేదు. ట్యూబు నోట్లోంచి తియ్యకుండానే గాలి పీల్చుకున్నాడు. ఊదినప్పుడు గాలి వెళ్లిన దారిలోనే పీల్చినప్పుడు నీళ్లు వస్తాయని ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. మగ్గులో నీళ్లు నా ఒంట్లోంచి, ట్యూబులోంచి నేరుగా ఆయన నోట్లోకి వెళ్లాయి.

ఆయన ముఖం మారిపోయింది. పక్కకి తిరిగి ఉమ్మేశాడు. మళ్లీ ఉమ్మేశాడు.

“ఏటొచ్చింది బాబూ నోట్లోకి?” అంది నూకరత్నం. గొంతు మామూలుగానే ఉంది.

పదిమందీ ఆయన నోటివైపు చూస్తున్నారు. జిగురు అనాలంటే జిగురు రుచి ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఇది మాత్రం రోజూ ఇంట్లో గిన్నెల మీద వచ్చే వాసన.

“సబ్బు,” అన్నాడు.

“ఎవరేసారండి?”

మూతి తుడుచుకున్నాడు. “నేనే. ఎండబెట్టే టైము లేక.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. రాజుగారు గొంతు సవరించుకుని, సరే సరే, పొద్దెక్కుతోంది, పనులు చూడండి అన్నారు. ఇన్నాళ్ల న్యాయం అలా ఒక్క ముక్కలో తేలిపోయింది. నూకరత్నం మాత్రం కదల్లేదు. ఇదే మాట బుల్లియ్య గారికి కూడా ఆయన నోటితోనే చెప్పాలంది. రాజుగారు ఫోను కలిపి భార్గవ్ చేతికిచ్చారు. ఆ ఉదయం ఆయన ఆ మాట రెండోసారి అన్నాడు. ఈసారి కాస్త గట్టిగా, అవతల వినపడాలి కాబట్టి.

ఈ మాటా ఒడ్డంతా ఆ సాయంత్రానికే అనుకుంది. ముందు అనుకున్నది తప్పని ఎవరూ అనలేదు, తామెప్పుడూ నమ్మలేదన్నారు. భార్గవ్ ఉద్యోగమూ ఉంది, ఫ్రేమూ ఉంది. పట్నం నుంచి వచ్చే కాలేజీ పిల్లల్ని ఇప్పుడు ట్యాంకు దగ్గర నిలబెట్టి, సబ్బు వల్ల తలతన్యత ఎలా తగ్గుతుందో, బుడగ ఎలా బిగుసుకుంటుందో, హేచరీలో సబ్బు ఎందుకు నిషేధించారో చెప్తున్నాడు. తన పరిశీలనలో తేలిందంటాడు. అదీ అబద్ధం కాదు.

నా సంగతి చెప్పాలి కదా. ఫోను మాట అయ్యాక నూకరత్నం మగ్గులోంచి నన్ను తీసి రెండుసార్లు మంచినీళ్లలో జాడించి ఊదింది. నురగ వచ్చింది. మళ్లీ జాడించి ఊదింది. మళ్లీ వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది, ఎంత లోపలికి పోయిందో వింటున్నట్టు. నేను ఆశపడ్డాను, దాచడమెందుకు. నా తప్పు లేదని చెప్పి, ఆ మాట కోసం పని పోగొట్టుకుని ఇంటికి వెళ్లిన మనిషి ఆమె. ఆసిడ్డూ ఎండా తెలిసిన చెయ్యి ఆమెది.

“ఇది పిల్లకి పనికిరాదు,” అని పక్కవాళ్లతో అని, నన్ను కుప్పలోకి విసిరేసింది.

అప్పటినుంచి ఇక్కడే పడి ఉన్నాను, పైపు ముక్కల పక్కన. ఆమె మీద నాకు కోపం లేదు. రాయి తప్పు లేదన్నదీ నిజమే, రాయి పనికిరాదన్నదీ నిజమే. ఒకళ్ల కోసం మొదటిది దాచలేదు, నా కోసం రెండోది దాచలేదు. షెడ్డు గోడ అవతల ట్యాంకుల్లో బ్లోయరు గాలి ఆడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంటుంది. కడిగి ఎండలో ఆరబెట్టిన రాళ్లలోంచి వచ్చే చప్పుడు అది, రవ్వ వేగుతున్నట్టు ఉంటుంది.